జీఎస్టీ చలానా: నెట్ బ్యాంకింగా, యూపీఐనా, నెఫ్టా?

నెలవారీ జీఎస్టీ రిటర్నుకు గడువైన ఇరవయ్యో తేదీన, రాత్రి తొమ్మిది దాటాక నాకు వచ్చే ఫోన్లన్నిటిలో మాట ఒకటే: "ఖాతాలోంచి డబ్బు పోయిందండీ, పోర్టల్లో మాత్రం పడలేదు."

చిన్న వ్యాపారుల లెక్కలు రాయడం నా వృత్తి. ఆ మధ్య పెయింట్లు, ఇనుప సామాన్లు అమ్మే ఒక పెద్దాయన ఇలాగే ఫోన్ చేశారు. 48,600 రూపాయల చలానా. యూపీఐతో కట్టారు. బ్యాంకు నుంచి సందేశం వచ్చింది, ఖాతాలో నిల్వ తగ్గింది, కంప్యూటర్ తెర మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. పది నిమిషాలు చూసి ఆ పేజీ మూసేశారు. ఇంకో చలానా తయారుచేసి, ఈసారి నెట్ బ్యాంకింగ్‌తో అదే మొత్తం మళ్లీ కట్టారు. నాకు ఫోన్ చేసేసరికి 97,200 రూపాయలు వెళ్లిపోయాయి. తెల్లవారి చూస్తే రెండు జమలూ పోర్టల్‌లోని ఆయన నగదు లెడ్జర్‌లో, అంటే పన్ను కోసం వేసుకునే డబ్బు ఖాతాలో, ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి.

పోయిన డబ్బేమీ కాదు. లెడ్జర్‌లో ఉన్నది వచ్చే నెల పన్నుకు వాడుకోవచ్చు, వద్దనుకుంటే ఆర్ఎఫ్‌డీ-01 దరఖాస్తుతో వాపసు అడగవచ్చు. కానీ ఆ వారమే సరుకు దించుకోవాల్సిన మనిషికి ఈ మాటతో ఏం ఊరట? పైగా ఆయన దేనికి భయపడ్డారో లెక్క వేసి చూపించాను. గడువు దాటితే వడ్డీ ఏడాదికి 18 శాతం. 48,600 మీద ఒక్క రోజుకు అది సుమారు 24 రూపాయలు. ఆలస్య రుసుము రోజుకు 50. మొత్తం 74 రూపాయలు. డెబ్బై నాలుగు రూపాయలు తప్పించుకోబోయి నలభై ఎనిమిది వేలు ఇరికించుకున్నారు.

అందుకే "ఏ పద్ధతిలో కడితే మేలు?" అని ఎవరైనా అడిగితే, ఏది వేగం, ఏది సులువు అనే లెక్క నేను ముందు చూడను. అన్నీ సవ్యంగా జరిగిన రోజున అన్ని దారులూ మంచివే. డబ్బు మధ్యలో ఆగిపోయిన రోజున, అది ఎక్కడ ఆగిందో ఏ దారిలో త్వరగా తెలుస్తుంది? నేను చూసేది అది.

పద్ధతుల జోలికి వెళ్లే ముందు ఒక మాట. చలానా తయారుచేయగానే పోర్టల్ 14 అంకెల సంఖ్య ఒకటి ఇస్తుంది. దాన్ని సీపిన్ అంటాం. దాని ఆయుష్షు 15 రోజులు. బ్యాంకు డబ్బు తీసుకుని ప్రభుత్వ ఖాతాలో వేశాక ఆ సీపిన్‌కు బ్యాంకు గుర్తుగా మూడు అక్షరాలు చేరి 17 స్థానాల సీఐఎన్ పుడుతుంది. సీఐఎన్ పుట్టి పోర్టల్‌కు చేరితేనే నగదు లెడ్జర్‌లో జమ పడుతుంది. అక్కడితోనూ పన్ను కట్టినట్టు కాదు. జీఎస్టీఆర్-3బీ అనే రిటర్నులో ఆ నిల్వను బకాయికి సర్దుబాటు చేసి, దాన్ని దాఖలు చేస్తేనే కట్టినట్టు. బ్యాంకు ఖాతాలోంచి పోవడం, లెడ్జర్‌లో పడడం, పన్నుకు చెల్లడం మూడు వేర్వేరు సంగతులు. నాకు వచ్చే గొడవల్లో చాలా భాగం ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే. చలానా కట్టి, పని అయిపోయిందని రిటర్ను మరచిపోయిన వాళ్లు కూడా నాకు తెలుసు.

ఇక దారులు. నా ఓటు నెట్ బ్యాంకింగ్‌కే. చలానాలో బ్యాంకును ఎంచుకోగానే అది నేరుగా ఆ బ్యాంకు పేజీకి తీసుకెళ్తుంది, మొత్తం తానే నింపుకుంటుంది, మీరు మార్చలేరు. పని పూర్తయితే తిరిగి పోర్టల్‌కే తెస్తుంది. మొత్తానికి పై హద్దు అంటూ పోర్టల్ పెట్టలేదు, మీ బ్యాంకు పెట్టిన రోజువారీ హద్దు ఉంటే అదే. రాత్రి పన్నెండుకు కట్టినా అడిగేవారు లేరు. మధ్యలో తెగితే బ్యాంకు లావాదేవీల పట్టికలో సంఖ్యతో సహా ఒక వరుస ఉంటుంది, ఆ సంఖ్య పట్టుకుని ఎవరినైనా నిలదీయవచ్చు. చిక్కల్లా పోర్టల్ జాబితాలో మీ బ్యాంకు ఉండాలి. చిన్న సహకార బ్యాంకులో ఖాతా ఉన్నవారికి ఈ దారి మూసి ఉన్నట్టే. భాగస్వామ్య సంస్థలకు ఇంకో మెలిక ఉంది. ఒకరు నమోదు చేస్తే మరొకరు ఆమోదించాల్సిన ఖాతా అయితే, ఆ రెండో భాగస్వామి తిరుపతి వెళ్లిన రోజునే చలానా గడువు వస్తుంది. ఎందుకో తెలియదు కానీ ప్రతిసారీ అంతే.

యూపీఐ, కార్డులు ఈ పోర్టల్‌కు ఆలస్యంగా, 2024లో వచ్చాయి. యూపీఐతో పన్నులు కట్టేందుకు హద్దును అదే ఏడాది సెప్టెంబరులో ఒక్కో లావాదేవీకి 5 లక్షల రూపాయలకు పెంచారు. బ్యాంకు తనదైన చిన్న హద్దు పెట్టుకుని ఉండవచ్చు, అది ముందే చూసుకోవాలి. చిన్న మొత్తాలకు, నెట్ బ్యాంకింగ్ రహస్య పదం ఎప్పుడో మరచిపోయినవారికి ఇది బాగానే ఉంటుంది. నాకు దీనిపై ఉన్న అనుమానం ఒక్కటే. ఇందులో తెరలు రెండు. చలానా కంప్యూటర్‌లో, ఆమోదం ఫోనులో. ఫోను "అయిపోయింది" అంటుంది, కంప్యూటర్ "ఆగు" అంటుంది. చేతిలో ఉన్న ఫోనునే మనిషి నమ్ముతాడు. మన పెద్దాయన విషయంలో జరిగిందీ ఇదే. ఫోను చెప్పింది నిజమే, డబ్బు వెళ్లింది. కంప్యూటర్ చెప్పిందీ నిజమే, కబురు ఇంకా అందలేదు. ఆయన రెండో చలానా తయారుచేయకుండా టీ తాగి వచ్చి ఉంటే సరిపోయేది.

క్రెడిట్ కార్డు గురించి రెండు ముక్కలు చాలు. సేవా రుసుము పడుతుంది, ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. పన్ను కట్టడానికి పన్ను కట్టడం సరదాగా ఉంటే కట్టుకోండి. చేతిలో నగదు లేక, నెలాఖరున వచ్చే బిల్లు వరకు ఊపిరి కావాలనుకునేవారికి మాత్రం ఒక అర్థం ఉంది.

ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్‌ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. పోర్టల్ జాబితాలో లేని బ్యాంకు నుంచి కూడా కట్టవచ్చు, ఇది వీటి పెద్ద బలం. రెండు లక్షలు, అంతకు పైన అయితే ఆర్టీజీఎస్. తక్కువైతే నెఫ్ట్. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్టీజీఎస్ రోజంతా, సెలవుల్లోనూ నడుస్తున్నాయి కనుక ఆదివారం గడువు పడినా బెంగ లేదు. చలానాతో పాటు ఒక ఆదేశ పత్రం వస్తుంది. దాన్ని బ్యాంకుకు పట్టుకెళ్లి ఇవ్వవచ్చు, లేదా మీరే ఆన్‌లైన్‌లో పంపవచ్చు. పంపేటప్పుడు డబ్బు చేరేది రిజర్వు బ్యాంకుకు. ఖాతా సంఖ్య అని అడిగిన గడిలో రాయాల్సింది మీ సీపిన్.

ఆ సీపిన్ ప్రతి చలానాకూ మారుతుంది. అంటే ప్రతి నెలా కొత్త లబ్ధిదారును చేర్చుకోవాలి. ఒకాయన గత నెల చేర్చిన పేరు అక్కడే కనిపిస్తుంటే, దానికే ఈ నెల డబ్బు పంపారు. అది ఎప్పుడో వాడేసిన సీపిన్. డబ్బు తిరిగి వచ్చింది, గడువు మాత్రం తిరిగి రాలేదు. కొత్త లబ్ధిదారును చేర్చాక కొన్ని గంటలు పెద్ద మొత్తాలు పంపనివ్వని బ్యాంకులు కూడా ఉన్నాయి. చలానాలో ఉన్న మొత్తానికి ఒక్క రూపాయి అటూ ఇటూ పంపినా వెనక్కి వస్తుంది. ఐఎఫ్ఎస్ కోడ్‌లో అయిదో స్థానంలో ఉండేది సున్నా, 'ఓ' అక్షరం కాదు. ఇన్ని తిప్పలు ఉన్నా పెద్ద మొత్తాలకు నేను దీన్ని ఇష్టపడతాను. చేతిలో యూటీఆర్ సంఖ్య, అంటే ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉంటుంది. ఆ సంఖ్య ఉంటే డబ్బు ఏ మెట్టు మీద ఉందో చెప్పక తప్పదు ఎవరికైనా. కానీ ఇరవయ్యో తేదీ సాయంత్రం మాత్రం ఈ దారి పట్టకండి. లెక్కలోకి వచ్చేది మీరు పంపిన తేదీ కాదు, ప్రభుత్వ ఖాతాలో జమ అయిన తేదీ.

బ్యాంకు కౌంటర్‌లో నగదుగానో చెక్కుగానో కట్టే వీలు ఇంకా ఉంది, ఒక పన్ను కాలానికి ఒక చలానాకు 10,000 రూపాయల వరకే. చెక్కు అయితే అది చెల్లే వరకు జమ పడదు. ఆన్‌లైన్ అంటే అసలే పడనివారికి తప్ప దీన్ని నేను చెప్పను.

ఏ దారిలో కట్టినా, కట్టింది ఎక్కడ చూసుకోవాలి? బ్యాంకు సందేశం అన్నిటికంటే తొందరగా వస్తుంది, అన్నిటికంటే తక్కువ చెబుతుంది. డబ్బు మీ దగ్గర లేదని చెబుతుంది, అంతే. పోర్టల్‌లో చెల్లింపు స్థితి చూసే పేజీ అంతకంటే నయం. దానికి లాగిన్ అక్కర్లేదు. జీఎస్టీ నంబరు, సీపిన్, తెర మీద కనిపించే అక్షరాలు కొడితే చాలు. దుకాణంలో ఉన్న యజమాని, ఆఫీసులో ఉన్న నేను ఒకేసారి చూసుకోవచ్చు. అక్కడ 'చెల్లించారు' అని వస్తే నిద్రపోవచ్చు. 'మొదలైంది' అనో 'బ్యాంకు నిర్ధారణ రావాలి' అనో ఉంటే ముట్టుకోకుండా ఆగాలి. మళ్లీ కట్టకూడనిది సరిగ్గా అప్పుడే. 'విఫలమైంది' అని ఉండి, ఖాతాలోంచి డబ్బు కూడా పోలేదని చూసుకున్నాకే రెండో ప్రయత్నం. లాగిన్ అయ్యాక కనిపించే చలానాల చరిత్రలోనూ ఇదే సమాచారం ఉంటుంది, పాత సీపిన్ రాసుకోని వారికి అది పనికొస్తుంది.

అయితే ఈ రెండూ చలానా గురించి చెబుతాయి. లెడ్జర్ డబ్బు గురించి చెబుతుంది. నేను చివరికి నమ్మేది దాన్నే, ఎందుకంటే ఏ గడిలో ఎంత పడిందో అక్కడే కనబడుతుంది. కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను, సమీకృత పన్ను వేర్వేరు గడులు. ఒక్కో దానిలో పన్ను, వడ్డీ, జరిమానా, రుసుము మళ్లీ వేరు. పన్ను గడిలో వేసిన డబ్బు ఆలస్య రుసుముకు దానంతటదే చెల్లదు. స్థితి పేజీ 'చెల్లించారు' అంటుంది, రిటర్ను మాత్రం 'నిల్వ లేదు' అంటుంది. ఇలాంటప్పుడు మళ్లీ చలానా కట్టే పని లేదు. పోర్టల్‌లోని పీఎంటీ-09 అనే ఫారంతో ఒక గడిలోంచి మరో గడికి మార్చుకోవచ్చు. అసలు ఈ పొరపాటే రాకూడదంటే చలానాను విడిగా తయారుచేయడం కంటే 3బీ లోపలి నుంచి తయారుచేయడం మేలు. అక్కడ కావాల్సిన మొత్తాలు గడుల వారీగా అవే నిండుతాయి.

మరి విడిగా ముందే కట్టడం దండగా? కాదు. 2024 జూలైలో నిబంధన మారింది. గడువు లోపు లెడ్జర్‌లో వేసి, రిటర్ను దాఖలు చేసే దాకా కదపకుండా ఉంచిన డబ్బుకు, రిటర్ను ఆలస్యమైనా వడ్డీ లెక్క కట్టరు. ఆలస్య రుసుము తప్పదు. సరఫరాదారుల బిల్లులు సరిపోలక రిటర్ను రెండు రోజులు ఆలస్యం అయ్యేలా ఉంటే, డబ్బు మాత్రం పద్దెనిమిదో తేదీకే వేసి ఉంచమంటాను.

మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేసేవారు, అంటే 5 కోట్ల లోపు టర్నోవర్ ఉండి ఆ పథకం ఎంచుకున్నవారు, స్థితి చూడటంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మొదటి రెండు నెలలూ వారు తర్వాతి నెల 25 లోపు చలానా మాత్రమే కడతారు. రిటర్ను ఉండదు కనుక, డబ్బు పడలేదన్న సంగతి గుర్తుచేసేది ఏదీ ఉండదు. మూడో నెలలో తెలిసేసరికి వడ్డీ లెక్క రోజుల్లో కాదు, నెలల్లో ఉంటుంది.

ఒక రోజు గడిచినా డబ్బు రాకపోతే అప్పుడు పీఎంటీ-07. పోర్టల్‌లో చెల్లింపులపై ఫిర్యాదు చేసే చోటు అది. బ్యాంకు శాఖకు వెళ్లి వాదించడం కంటే ముందు అది పెట్టండి. ఒకసారి ఒక బ్యాంకులో "డబ్బు మా దగ్గర లేదు, అక్కడ అడగండి" అన్న జవాబుతో మూడు రోజులు తిరిగాక నాకు ఈ బుద్ధి వచ్చింది. సీఐఎన్ కబురు చేయడంలో బ్యాంకు విఫలమైనా, రిజర్వు బ్యాంకు పంపే ఈ-స్క్రోల్‌లో, అంటే జమల ఎలక్ట్రానిక్ జాబితాలో, ఆ జమ ఉంటే దాని ఆధారంగా లెడ్జర్‌ను సరిచేసే వీలు నిబంధనల్లో ఉంది. అడిగేది సీపిన్, చెల్లించిన తేదీ, మొత్తం, బ్యాంకు ఇచ్చిన సంఖ్య. చలానా ప్రతి తీసిపెట్టుకున్నవారికి అయిదు నిమిషాల పని. ఫిర్యాదు పెట్టాక వచ్చే సంఖ్యను కూడా ఆ ప్రతి మీదే, సీపిన్ పక్కన రాసుకోండి. మళ్లీ స్థితి చూడాలంటే అదే కావాలి.