పాత 'కేస్' ట్రాపర్ అని నకిలీ చాకు అంటగట్టారు, వేలు కూడా తెగింది – వైజాగ్ మిత్రులారా, జాగ్రత్త

మడత చాకు జేబులో పెట్టుకుని తిరిగే మన వాళ్లందరికీ, ముఖ్యంగా ఈ మధ్యే కొనడం మొదలుపెట్టిన కుర్రాళ్లకి చెబుతున్నాను. 1974 నాటి అమెరికన్ 'కేస్' కంపెనీ ట్రాపర్ చాకు అని నమ్మించి ఒకతను నాకు నకిలీది పంపాడు. చాకుకి 11,500, కస్టమ్స్ పేరు చెప్పి ఇంకో 2,300, మొత్తం 13,800 రూపాయలు పోయాయి. డబ్బు పోతే పోయిందనుకోవచ్చు, కానీ ఆ చాకు నా చూపుడువేలి మీద మూసుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ వేలి కొన ఇప్పటికీ తిమ్మిరిగానే ఉంటోంది. అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

మేం ఏడెనిమిది మందిమి ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో నడక అయ్యాక కాళీమాత గుడికి కాస్త దూరంలో టీ తాగుతూ కూర్చుంటాం. ఎవరి జేబులో ఏ చాకు ఉందో చూసుకోవడం, ఆ వారంలో దానితో ఏం కోశామో చెప్పుకోవడం మాకు అలవాటు. లెక్చరర్‌గారి దగ్గర ఒపినెల్ ఎనిమిదో నంబరు ఉంటుంది, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల కార్బన్ బ్లేడు, చెక్క పిడి. వానాకాలం వచ్చిందంటే ఈ ఊరి తేమకి ఆ చెక్క ఉబ్బి బ్లేడు ఒక పట్టాన బయటికి రాదు, అయినా ఆయన దాన్ని మార్చరు. బ్యాంకులో చేసే ఆయనది స్విస్ చాకు, విక్టోరినాక్స్. ఒక తమ్ముడి దగ్గర జపాన్ హిగోనోకామి ఉంది, దానికి లాకూ లేదు స్ప్రింగూ లేదు, వెనక తోకలా ఉండే మీటని బొటనవేలితో నొక్కి పట్టుకునే కోయాలి. నాది మా నాన్న చాకు. దాని మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. ఉక్కునగరం క్వార్టర్లో ఉండగా సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి దానితోనే జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది మా చేతుల్లో పెట్టేవారు. ఈ ఇష్టం నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఇక ట్రాపర్ సంగతి. కేస్ కంపెనీది అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, బ్రాడ్‌ఫర్డ్ ఊరు, 1889 నుంచి వస్తున్న పేరు. వాళ్ల చాకుల్లో ట్రాపర్‌కి బాగా పేరుంది. మూసి ఉంచితే పది సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, దాదాపు ఒకే పొడవున్న రెండు బ్లేడ్లు, ఒకటి మొన ఉన్నది, ఇంకోటి కొన గుండ్రంగా ఉన్నది. దీనికి లాకు ఉండదు. వెనకున్న ఉక్కు స్ప్రింగు బిగువు మీదే అంతా ఆధారపడి ఉంటుంది, తెరిచినప్పుడు బ్లేడుని నిలబెట్టేదీ అదే, మూసినప్పుడు లోపల పట్టి ఉంచేదీ అదే. స్ప్రింగు మంచిదైతే తెరవగానే 'టక్' మని గట్టిగా చప్పుడొస్తుంది, ఆ చప్పుడు ఒక్కసారి అలవాటైతే ఇక వదలదు. మా వాళ్లలో మర్రిపాలెం నుంచి వచ్చే అన్నయ్య దగ్గర అసలుది ఉంది, అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు కొనుక్కున్నారు. రెండేళ్ల నుంచి ప్రతి ఆదివారం దాన్ని చేతిలోకి తీసుకుని, తెరిచి మూసి, మళ్లీ ఆయనకే ఇచ్చేసేవాణ్ని.

ఏప్రిల్ చివర్లో ఒక వాట్సాప్ గ్రూపులో ఆకుపచ్చ వెల్వెట్ గుడ్డ మీద పెట్టిన ట్రాపర్ ఫోటో కనిపించింది. ఎముక పిడి, తేనె రంగు, 1974లో చేసింది, అమెరికాలో ఉన్న తన సొంత అన్న పంపిస్తాడు అన్నాడు అమ్మకందారు. బ్లేడు పిడిలోకి దిగే మొదలు భాగాన్ని ట్యాంగ్ అంటాం కదా, దాని మీద ముద్ర ఫోటో పంపమని అడిగితే మసకగా ఉన్నది పంపాడు. మళ్లీ అడిగాను. "ఇంకో ఇద్దరు రెడీగా ఉన్నారు సార్, మీరు ముందు అడిగారని ఆపాను, రాత్రిలోపు చెప్పండి" అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి యూపీఐలో డబ్బు పంపేశాను. నేను చేసిన మొదటి తప్పు అదే, స్పష్టమైన ఫోటో రాకుండా ఒక్క రూపాయి కూడా పంపకూడదు.

పది రోజులకి ఫోను చేసి పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందన్నాడు, 2,300 కట్టకపోతే ఆయుధం కేసు అవుతుంది, మీ పేరు మీదే పార్సిల్ ఉంది అన్నాడు. నాకు టెన్షన్ వచ్చేసింది. ఇంట్లో చెప్పలేదు. ఆలోచించకుండా కట్టేశాను. తర్వాత నెమ్మదిగా చదివి తెలుసుకున్నదేమిటంటే, మన దేశంలో ఆయుధాల నిబంధనల్లో కత్తుల గురించి చెప్పేది బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవున్నవీ, 2 అంగుళాల కన్నా వెడల్పున్నవీ, అదీ ఇంటికీ వ్యవసాయానికీ వాడేవి మినహాయించి. ట్రాపర్ బ్లేడు మూడుంపావు అంగుళాలు. పైగా కస్టమ్స్ సుంకం ఏదైనా ఉంటే రసీదుతో కొరియర్ వాళ్లకో పోస్టాఫీసుకో కడతాం గానీ అమ్మినవాడి సొంత యూపీఐకి కట్టం. ఇలా ఎవరైనా అడిగితే అక్కడితో మాట్లాడటం ఆపేయండి.

పార్సిల్ వచ్చింది. దాని మీద విదేశీ స్టాంపు గానీ కస్టమ్స్ చీటీ గానీ లేదు, మన దేశంలోనే ఎక్కడో బుక్ చేసిన కొరియర్. తెరిచి బ్లేడు లాగితే 'టక్' లేదు, మెత్తగా జారినట్టు వచ్చింది. పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఊగుతోంది. కిటికీ దగ్గర వెలుతురుకి ఎదురుగా పెడితే స్ప్రింగుకీ పక్క రేకుకీ మధ్య సందులోంచి వెలుగు కనిపిస్తోంది. నాకు అప్పుడే అర్థమైంది, కానీ మనసు ఒప్పుకోలేదు. యాభై ఏళ్ల చాకు కదా, స్ప్రింగు నీరసించి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇష్టపడి కొన్న వస్తువు దగ్గర మనందరం ఇలాగే చేస్తాం.

రెండో రోజు మా చెల్లెలు వాళ్లు సువర్ణరేఖ మామిడిపళ్ల బుట్ట పంపారు. మూతకి నారతాడు బిగించి కట్టారు. చాకు మొనని తాడు కిందకి దూర్చి పైకి లేపాను. బ్లేడు వెనక్కి తిరిగి ఒక్కసారిగా వేలి మీద మూసుకుంది. నిజం చెప్పాలంటే లాకు లేని చాకుని మొన ముందుకు పెట్టి నెట్టడం, బ్లేడు వీపు మీద బరువు పడేలా వాడటం నా పొరపాటే, ఎన్నోసార్లు నేనే కుర్రాళ్లకి చెప్పిన విషయం. కానీ మా నాన్న చాకు ఆ మాత్రానికి మూసుకునేది కాదు. మా పాప అక్కడే నిలబడి బుట్టలోకి తొంగి చూస్తోంది, ఆ వేలు దానిదై ఉంటే అన్న ఆలోచన చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

కుట్లు వేయించుకుని వచ్చాక గాజువాకలో ఉండే మా మావయ్యకి చూపించాను. ఆయన స్టీల్‌ప్లాంటులో రిపేరు షాపులో చేసి రిటైరయ్యారు. కట్టు కట్టిన వేలు చూసి ముందు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాకు అందుకుని రెండుసార్లు తెరిచి మూశారు.

"ఏట్రా ఇది, దీనికెంత పెట్టావు?"

"పదకొండు వేల ఐదొందలు మావయ్యా."

"స్ప్రింగుకి టెంపర్ లేదురా. ఇది కాల్చి చల్లార్చిన ఉక్కు కాదు, ఉత్తి పట్టీ కోసి పెట్టేశారు."

సన్న ఆకురాయి తెచ్చి ట్యాంగ్ దగ్గర ఒక్కసారి మెల్లగా రుద్దారు. సరిగ్గా కాల్చి గట్టిపరిచిన బ్లేడు మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోవాలి. దీని మీద కొరికి పొడి రాల్చింది. ఆటోనగర్లో తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లి రెండో బ్లేడు కొనని గ్రైండరుకి ఆనించారు. కార్బన్ బాగా ఉన్న ఉక్కైతే రవ్వలు చీలి చీలి కాకరపువ్వొత్తిలా పూస్తాయి. దీనికి రవ్వలు పొడుగ్గా గీతల్లా పోయాయి, చివర పూత లేదు. పక్క షెడ్డులో గట్టిదనం కొలిచే మిషను ఉంటే అక్కడా పెట్టించాం, రాక్‌వెల్ సి అనే గట్టిదనం కొలత మీద 38 చూపించింది. ఇలాంటి చాకు బ్లేడు 55 అటూ ఇటూ ఉండాలి. 38 అంటే జామకాయ కోసినా రెండు రోజుల్లో పదును పోతుంది. ఉక్కు చేసే ఊళ్లో పుట్టి పెరిగి ఈ పరీక్షలు చేతిలోకి వచ్చిన రోజే ఎందుకు చేయలేదా అని చాలా బాధపడ్డాను.

ఆదివారం మర్రిపాలెం అన్నయ్య అసలు ట్రాపర్ పక్కన పెట్టి చూశాం, అప్పుడు మిగతావన్నీ బయటపడ్డాయి. కేస్ చాకుల మీద తేదీ నేరుగా రాసి ఉండదు. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టారు, ఆ తర్వాత ఏడాదికొక చుక్క తీసేస్తూ వచ్చారు. కాబట్టి 1974 చాకుకి ఆరు చుక్కలుండాలి. నాదానికి ఏడు ఉన్నాయి, అవి కూడా ఒక్కోటి ఒక్కో సైజు. రెండో బ్లేడు మీద నంబరు ఇంకా స్పష్టంగా పట్టిచ్చింది. ట్రాపర్ నంబరులో మొదటి అంకె పిడి దేనితో చేశారో చెబుతుంది, రెండోది ఎన్ని బ్లేడ్లో చెబుతుంది, చివరి 54 ట్రాపర్ రకానికి గుర్తు. ఎముక పిడి అయితే 6254, జింక కొమ్ము పిడి అయితే 5254. నాకు ఎముక అని చెప్పి పంపినదాని మీద 5254 ఉంది. ఏదో అసలు చాకు ఫోటో చూసి ముద్ర కాపీ కొట్టారు, ఆ అంకెలకి అర్థం ఉంటుందని చేసినవాడికి తెలియదు. అసలుదాని మీద ముద్ర ఉక్కులోకి దిగి ఉంటుంది, గోటికి తగులుతుంది. నాదాని మీద లేజరుతో పైపైన గీసినట్టుంది. పిడి ఎముకే కాదు. భూతద్దంలో చూస్తే ఎముకలో సన్నటి రంధ్రాలు, గీతలు కనిపిస్తాయి, దీనిలో ఏమీ లేవు. కాల్చిన సూది లోపలి అంచున ఆనిస్తే కరిగి ప్లాస్టిక్ వాసన వచ్చింది, ఎముకైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది.

ఇంకో మాట, నిమ్మకాయ పరీక్ష గురించి చాలామంది చెబుతుంటారు. నిమ్మరసం చుక్క వేస్తే కార్బన్ ఉక్కు కొద్దిసేపట్లో నల్లబడుతుంది, స్టెయిన్‌లెస్ నల్లబడదు, అది నిజమే. కానీ మెత్తటి మామూలు ఇనుము కూడా నల్లబడుతుంది. నేను మొదటి రోజు నిమ్మరసం వేసి, నల్లబడింది కదా అని సంతోషించాను. అది స్టెయిన్‌లెస్ కాదని తెలుస్తుందే తప్ప బ్లేడు గట్టిదో మెత్తదో తెలియదు. అందుకు ఆకురాయే కావాలి.

అదే మనిషి 'డమాస్కస్' చాకులు కూడా 1,800కీ 2,000కీ అమ్ముతున్నాడు, అందుకే అదీ చెప్పాలి. రెండు రకాల ఉక్కు పొరలు పొరలుగా కొలిమిలో అతికించి చేస్తే వచ్చే అలల గీతలు వేరు, మామూలు బ్లేడు మీద ఆసిడ్‌తోనో లేజరుతోనో వేసిన బొమ్మ వేరు. సన్నటి ఎమరీ కాగితంతో ఒక మూల రుద్దితే రెండింటికీ గీతలు పోతాయి. మళ్లీ ఫెర్రిక్ క్లోరైడ్ (ఉక్కుని పైపైన తినే రసాయనం) పూస్తే నిజమైనదానికి తిరిగి తేలతాయి, బొమ్మ గీసినదానికి తేలవు. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. డమాస్కస్ కత్తులకి అంత పేరు తెచ్చింది ఇక్కడి నుంచి వెళ్లిన అలాంటి ఉక్కే. ఆ పేరు పెట్టి తెలుగువాళ్లకే రేకు ముక్కలు అమ్ముతుంటే నాకు కోపం ఆగడం లేదు.

అమ్మకందారుకి ఈ ఫోటోలన్నీ పంపాను. 'వాడిన వస్తువు, రిటర్న్ లేదు' అని ఒక్క లైను పెట్టి బ్లాక్ చేశాడు. 1930కి ఫోను చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. నేను ఫోను చేసేసరికి చాలా రోజులు గడిచిపోయాయి. మోసపోయామని తెలిసిన గంటలోనే చేస్తే ఆ ఖాతాలో డబ్బు కదలకుండా ఆపే అవకాశం ఉంటుంది, సిగ్గుపడి ఆలస్యం చేయకండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తీయలేదు. కొనేముందు చీటీ మీద మీ పేరూ ఆ రోజు తేదీ రాసి, దాన్ని చాకు పక్కన పెట్టి ఫోటో తీయమనండి, ట్యాంగ్ రెండు వైపులా, చాకు వెలుతురుకి ఎదురుగా పెట్టినదీ అడగండి, తెరిచి మూసే చప్పుడు వినపడేలా వీడియో అడగండి. అసలు వస్తువు చేతిలో ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని.

నకిలీ చాకు పార్సిల్ కవరుతో సహా నా దగ్గరే ఉంచాను, ఫిర్యాదుకి సాక్ష్యం కాబట్టి పారేయలేదు. వైజాగ్‌లో ఉన్నవాళ్లు ఏ ఆదివారమైనా ఏడు గంటలకి గుడి దగ్గరికి రండి, అన్నయ్య అసలుదీ ఇదీ రెండూ చేతిలో పట్టుకుని చూడొచ్చు. నిన్న రాత్రి అదే ఆకుపచ్చ గుడ్డ, అదే ఫోటో, వేరే పేరుతో ఇంకో గ్రూపులో చూశాను. ఈసారి 9,800 అంటున్నాడు, 'రాత్రిలోపు చెప్పండి' అనే అంటున్నాడు. కింద ఇద్దరు 'నాకు కావాలి' అని పెట్టారు. వాళ్లలో మీకు తెలిసినవాళ్లుంటే దయచేసి ఇప్పుడే ఫోను చేసి ఆపండి.