తాత నాటు తుపాకీకి వ్యాక్స్ పూసి ఆరేళ్ళు: నా అనుభవం

2024 ఎన్నికల కోడ్ ఎత్తేశాక నాయన, నేను పోలీస్ స్టేషన్‌కు పోయి, ఎన్నికలకని అప్పగించిన తుపాకీ తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి గుడ్డ విప్పగానే నా కళ్ళు గొట్టం వెనక భాగం మీదికే పోయాయి. 2019లో ఇలాగే తెచ్చుకున్నప్పుడు అక్కడ నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రటి తుప్పుతో అచ్చు పడి ఉన్నాయి. ఎవరో చెమట చేత్తో పట్టుకున్నారు, మేమేమో గోనెసంచిలో చుట్టి ఇచ్చాం, అది మూడు నెలలు అట్లాగే ఉండిపోయింది. ఈసారి వేళ్ళ గుర్తు ఒక్కటీ లేదు. దుమ్ము ఉంది, అంతే. చీటీ కట్టిన ఇనుప తీగ ఒరుసుకున్నచోట మాత్రం సన్నగా ఒక ఎర్ర గీత పడింది.

తుపాకీ మా తాతది. చిత్తూరుకు పడమరగా ఉన్న మా ఊళ్ళో చెరుకు, వేరుశనగ చేలమీద అడవి పందులు పడకుండా పంట కాపలాకి ఇచ్చిన లైసెన్సు, ఇప్పుడు నాయన పేరు మీద ఉంది. కాల్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంట్లో అందరూ దాన్ని పాలెగాళ్ళ నాటి తుపాకీ అనేవాళ్ళు. 2019లో బాగుచేద్దామని కూర్చున్నది ఆ మాట మీదే.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మందు దట్టించే గజాన్ని గొట్టంలోకి మెల్లగా దించి, మూతి దగ్గర సుద్దతో గుర్తు పెట్టాలి. బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. గజం కొస నిపిల్ దాకా, అంటే మందును అంటించే చిన్న రాగి టోపీ (క్యాప్) పెట్టే మొన దాకా రావాలి. మాది నాలుగు వేళ్ళు తక్కువ వచ్చింది. అంటే తాత దట్టించిన మందు ఇంకా లోపలే ఉంది! ఇన్నేళ్ళు పిల్లలు ఆడుకునే గదిలో, గోడకు తగిలించి ఉన్న తుపాకీ. ఆ రోజు పడిన టెన్షన్ మరిచిపోలేను. మేమేమీ కదపకుండా లైసెన్సున్న తుపాకీల షాపుకు తీసుకుపోయాం. వాళ్ళు తీస్తే ముందు కొబ్బరి పీచు ఉండ, దాని వెనక గడ్డకట్టిన తుపాకీ మందు వచ్చాయి. పాత తుపాకీ మందు నిప్పు తగిలితే ఇప్పటికీ అంటుకుంటుంది. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే దయచేసి ఇది చూడకుండా ఇంకే పనీ మొదలుపెట్టకండి. స్ప్రింగులు, ట్రిగ్గర్ రిపేరు కూడా చట్టం ప్రకారం లైసెన్సున్నవాళ్ళే చేయాలి. నేను చేసింది పైపైన శుభ్రం, చెక్క పని, అంతే.

తుప్పుకు సాండ్ పేపర్, యాసిడ్ వద్దు. నాలుగు సున్నాల (0000) స్టీల్ ఊల్‌కు, అంటే అన్నిటికంటే సన్నని ఉక్కు పీచుకు, పలచని నూనె పట్టించి, బొటనవేలితో నొక్కకుండా రుద్దాలి. వంటింటి స్టీల్ పీచు దీనికి పనికిరాదు, గీతలు పెట్టేస్తుంది. బుడిపెల్లా లేచిన తుప్పుకు మా అవ్వ డబ్బాలో దొరికిన కాలణా బిళ్ళ వాడాను. రాగి ఇనుము కన్నా మెత్తన కాబట్టి దాని అంచుతో గీకితే తుప్పు పెచ్చు లేస్తుంది, కింద ఇనుము గీరుకోదు. ఎర్ర తుప్పు పోయాక మిగిలే నల్లటి, ముదురు గోధుమ రంగు పొరను అట్లాగే ఉంచాలి.

మూడో రోజు సాయంత్రం, క్యాప్ మీద కొట్టే హేమర్ పక్కనున్న పలక మీద జిడ్డు కదిలి ఒక కిరీటం, దాని పక్కన 'టవర్' అనే అక్షరాలు, 1859 బయటపడ్డాయి. కిరీటం, టవర్ బ్రిటిష్ ప్రభుత్వ తుపాకీల ముద్ర. చిత్తూరు పాలెగాళ్ళను కంపెనీవాళ్ళు అణచింది 1800ల తొలి ఏళ్ళలో. క్యాప్‌తో పేలే తుపాకీలు బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది 1830ల చివర. అంటే ఇది పాలెగాళ్ళది కాదు, ఆ కాలపు బ్రిటిష్ సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్ తరహాది. అందరూ రైఫిల్ అంటారు గానీ టార్చి వేసి చూస్తే రైఫిల్ గొట్టం లోపల ఉండే మెలి గీతలు లేవు. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిలకు అదే ఆకారంలో గీతలు లేని తుపాకీలు ఇచ్చారు. ఇది వాటిలోది కావచ్చు, తర్వాతెవరైనా తొలిపించిందైనా కావచ్చు. పుంగనూరు వైపు మా బంధువొకాయన తన తుపాకీని బఫింగ్ చేయించాడు. స్టీలు గిన్నెలా మెరుస్తోంది, ఒక్క అక్షరం మిగల్లేదు. చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

చెక్కకు పచ్చి అవిసె నూనె వాడాను. అక్టోబర్ వానల్లో మొదలుపెట్టడం నా తప్పు, నెలైనా బంకగానే ఉండింది. దాన్ని తుడిచేసి, ఏప్రిల్‌లో నీడపట్టున రోజుకొక పలచని పూత వేస్తే చక్కగా ఆరింది. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేయొద్దు, వాటంతట అవే వేడెక్కి మండుతాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

ఇక తుప్పు పట్టకుండా పూసే మైనం, అదే వ్యాక్స్. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950లలో తయారైన రెనైజాన్స్ వ్యాక్స్‌నే తెప్పించాను. ధర ఎక్కువనిపించింది గానీ, 65 మిల్లీలీటర్ల డబ్బాలో ఆరేళ్ళ తర్వాత కూడా మూడో వంతు మిగిలి ఉంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, సంక్రాంతికి ఒకసారి గోరంత తీసుకుని పూసి, వెంటనే మెత్తటి గుడ్డతో రుద్దుతాను. మందంగా పూస్తే చెక్కడాల సందుల్లో తెల్లగా నిలిచిపోతుంది. మూత సరిగ్గా బిగించకపోతే డబ్బాలోనే గట్టిపడుతుంది. ఒరుసుకునే చోట నిలవదు, ఆ తీగ గీతే సాక్ష్యం. గొట్టం లోపలికి మాత్రం నూనె గుడ్డే దిక్కు. తాత ఏళ్ళ తరబడి పోసిన నూనె గోడకు నిలువుగా తగిలించిన తుపాకీలో కిందికి దిగి, హేమర్ దగ్గరి చెక్కను నల్లగా, మెత్తగా చేసింది. అది తిరిగి రాలేదు. ఇప్పుడు దాన్ని పడుకోబెట్టే ఉంచుతున్నాం, సంచిలో కాకుండా పాత నూలు పంచె మీద.

నాకు ఎక్కువ భయం ఆయుధ పూజ. భుజానికి ఆనించే చెక్క కొసకున్న ఇత్తడి పట్టీని చింతపండుతో తోముతానని అమ్మ ప్రతి దసరాకూ అడుగుతుంది. "దేవుడి ముందర పెట్టేది అట్ల నల్లగా ఉంటే ఎట్లరా?" అంటుంది. వద్దని చెప్పడం కష్టమే. 2020లో రాత్రంతా ఉండిపోయిన తడి గంధం, కుంకుమ బొట్టు కింద పలక మీద మచ్చ పడింది. అప్పటికి అక్కడ వ్యాక్స్ పూయలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కిరీటానికి అర అంగుళం దూరంలో. మొన్నటి దసరాకు అమ్మ బొట్టు చెక్క మీదే పెట్టింది, ఒక చుక్క జారి ఇనుము మీద పడింది. పొద్దున్నే చూశాను. గుడ్డతో ఒకసారి తుడవగానే వచ్చేసింది.