వీ-క్రాస్‌కు ఏ టైరు సైజు? చెలకకు, రేగడికి, బండకు

ఇసుజు వీ-క్రాస్ పికప్ పై మోడళ్లకు కంపెనీ 255/60 ఆర్18 టైరు ఇస్తుంది, అంటే వెడల్పు 255 మి.మీ., పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 18 అంగుళాలు. ఎన్‌హెచ్ 65 ఎక్కి చిట్యాల నుంచి సూర్యాపేట దాకా పోతే ఆ టైరులో లోపమేమీ కనబడదు. అదే బండి దేవరకొండ దాటి చందంపేట వైపు మొరం బాట పట్టినా, డిండి వాగులో ఇసుక దాటినా తేడా తెలిసిపోతుంది. రిమ్ముకూ నేలకూ మధ్య ఉన్న రబ్బరు 153 మిల్లీమీటర్లే. గాలి తగ్గించి రాయి మీదికి ఎక్కిస్తే అల్లాయ్ అంచుకు దెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టదు.

అందుకే ఈ బండికి చేయాల్సిన మొదటి పని టైరు పెద్దది చేయడం కాదు, రిమ్ము చిన్నది చేయడం. 18 తీసి 17 అంగుళాల చక్రానికి 255/65 ఆర్17 వేస్తే మొత్తం వ్యాసం 763 మి.మీ. దగ్గరే ఉంటుంది, పాత టైరుతో సరిసమానం. స్పీడోమీటరు తప్పు చూపదు, ఎక్కడా రాసుకోదు, గేర్ల లెక్క మారదు. సైడ్‌వాల్ మాత్రం దాదాపు 13 మి.మీ. పెరుగుతుంది. వారానికి ఐదు రోజులు తారు రోడ్డు మీద, రెండు రోజులు పొలం బాటలో తిరిగే బండికి ఇంతకన్నా తెలివైన ఖర్చు లేదు.

దాని పైమెట్టు 265/65 ఆర్17. వ్యాసం 776 మి.మీ., అంటే 1.7 శాతం ఎక్కువ. కొలతల్లో ఇబ్బంది లేదు గానీ రిమ్ము దగ్గర ఒక మెలిక ఉంది. టైరు కంపెనీల పట్టికల్లో ఈ సైజుకు రిమ్ము వెడల్పు 7.5 నుంచి 9.5 అంగుళాలు. చాలామంది 7 అంగుళాల రిమ్ముకే ఎక్కించేస్తారు. అప్పుడు టైరు నడుమ ఉబ్బి, నడి పట్టీ ముందు అరుగుతుంది, మలుపులో బండి ఊగినట్టుంటుంది. రిమ్ము 7 అయితే, ఈ రెండింట్లో 255/65 దగ్గరే ఆగాలి.

అసలు చర్చంతా 265/70 ఆర్17 గురించే. వ్యాసం 803 మి.మీ., సైడ్‌వాల్ 185 మి.మీ., రిమ్ము 7 నుంచి 9 అంగుళాల దాకా సరిపోతుంది. వ్యాసం 40 పెరిగింది కదా అని బండి 40 లేవదు, అందులో సగమే, 20 మి.మీ. అయినా ఆ 20 విలువైనవి. లిఫ్ట్ కిట్ వేస్తే లేచేది బాడీయే, వెనక యాక్సిల్ గుండు (డిఫరెన్షియల్) ఎత్తు అంగుళం కూడా మారదు. రాళ్ల మధ్య బాటలో ముందు తగిలేది ఆ గుండే. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే.

దీని నష్టాలు కూడా చెప్పుకోవాలి. మీటరు 80 చూపినప్పుడు బండి నిజంగా 84 మీద ఉంటుంది, స్పీడ్ కెమెరా ఉన్న చోట ఇది గుర్తుండాలి. ఓడోమీటరు వెయ్యి చూపితే నడిచింది 1,052 కిలోమీటర్లు, సర్వీసు ఆ లెక్కన చేయించాలి. చక్రానికి చేరే లాగుడు సుమారు 5 శాతం తగ్గుతుంది. 1.9 లీటర్ల ఇంజనుకు 360 ఎన్‌ఎం టార్క్ ఉంది కాబట్టి మైదానంలో తెలియదు. మన్ననూరు నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, వెనక లోడు ఉంటే, ఒక గేరు ముందే దించాల్సి వస్తుంది.

రాసుకోవడం సంగతి. స్టాక్ ఎత్తులో ఈ సైజు మొదట తగిలేది ముందు చక్రం వెనక భాగంలో, ప్లాస్టిక్ లైనరుకు, మడ్‌ఫ్లాపుకు. అదీ స్టీరింగ్ పూర్తిగా కోసి రివర్స్ తీసినప్పుడు. షాపులో బండి జాకీ మీద ఉండగా చూస్తే సరిపోదు. నేల మీదికి దించి, రెండు వైపులా చివరిదాకా తిప్పి, ముందు చక్రం ఒక దిమ్మె మీద ఎక్కించి మళ్లీ తిప్పి చూడాలి. లైనరును వేడి చేసి వెనక్కి నొక్కితేనో, మడ్‌ఫ్లాపు కాస్త కోస్తేనో పోయేదయితే సరే. రేకు కోయాల్సి వస్తే ఆ సైజు ఆ బండికి కాదు.

285/70 ఆర్17 అడిగేవాళ్లున్నారు. 831 మి.మీ., దాదాపు 9 శాతం ఎక్కువ. లిఫ్ట్ కావాలి, కోత కావాలి, అడుగున స్టెపినీ పట్టడమూ కష్టమే. ముందు సస్పెన్షన్‌ను స్పేసర్లతో 2 అంగుళాలు లేపితే డ్రైవ్ షాఫ్ట్ కోణం నిటారై సీవీ బూట్లు (షాఫ్ట్ కీళ్లను కప్పే రబ్బరు తొడుగులు) త్వరగా చినుగుతాయి. రోజూ తిరిగే బండికి ఇది వద్దు.

రిమ్ము కొనేటప్పుడు రూపం కన్నా ముందు నాలుగు కొలతలు చూడాలి. ఆరు నట్లు, 139.7 పీసీడీ (నట్ల వలయం వ్యాసం, మి.మీ.లో) ఒక్కటి కలిస్తే చాలనుకోవడం పొరపాటు. నడిమి రంధ్రం హబ్బుకు సరిగ్గా కూర్చోవాలి, వదులైతే 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేసినా పోదు. నట్టు కూర్చునే గుంత, నట్టు మొన ఒకే ఆకారంలో ఉండాలి. మూడోది బ్రేకు కాలిపర్‌కు సందు. నాలుగోది ఆఫ్‌సెట్, అంటే హబ్బుకు బిగించే ముఖం రిమ్ము నడి గీతకు ఎన్ని మి.మీ. బయటి వైపు ఉందో చెప్పే అంకె, ఈటీ అని రాస్తారు; దీని దగ్గరే ఎక్కువ డబ్బు మునుగుతుంది. 7 అంగుళాల ఈటీ 30 రిమ్ము తీసి 8 అంగుళాల ఈటీ 10 వేస్తే బయటి అంచు దాదాపు 33 మి.మీ. బయటికి వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ హబ్ బేరింగు మీద భారం పెరుగుతుంది, మొరం ఎగిరి తలుపులకు కొడుతుంది, ముందు రాసుకోని టైరు ఇప్పుడు రాసుకుంటుంది. అసలు ఆఫ్‌సెట్‌కు 10 మి.మీ. లోపు తేడాతోనే ఆగడం మంచిది.

టైరు మోయగల బరువు చెప్పే నంబరు లోడ్ ఇండెక్స్. 110 అంటే ఒక్కో టైరుకు 1,060 కిలోలు, 112 అంటే 1,120, 115 అంటే 1,215. పాతదానికన్నా తక్కువ నంబరు ఎప్పుడూ తీసుకోవద్దు. సైజుకు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉంటే గుడ్డ పొరలు మందంగా ఉంటాయి. మన వైపు దీనికి వేరే విలువ ఉంది. సర్కారు తుమ్మ ముల్లు ట్రెడ్డులో దిగితే ప్లగ్ వేసుకోవచ్చు, సైడ్‌వాల్‌లో దిగితే టైరు మార్చాల్సిందే. బదులుగా ఎల్‌టీ బరువు ఎక్కువ, ఖాళీ బండిలో కుదుపు ఎక్కువ, అదే లోడుకు గాలీ ఎక్కువ కావాలి.

ఏ.టి. (ఆల్ టెరైన్, అన్ని నేలలకు) వేయాలా, ఎం.టి. (మడ్ టెరైన్, బురదకు) వేయాలా అంటే చెలకకు, మొరానికి, బండకు ఏ.టి. చాలు. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి తడిసిందంటే ఏ.టి. గాడులు రెండు నిమిషాల్లో పూడుకుపోయి టైరు నున్నగా అవుతుంది. ఎం.టి. కొంత నయం, చక్రం తిప్పితే మట్టి ఎగరేస్తుంది. కానీ ఎన్‌హెచ్ 44 మీద దాని మోత, వాన రోడ్డు మీద దాని జారుడు ఏడాదంతా భరించాలి. రేగడిలో రెండు రోజులు ఆరేదాకా ఆగడమే మేలు.

గాలి: ఇసుకలో, బురదలో 18 నుంచి 20 పీఎస్ఐ, రాళ్ల బాటలో 25. మామూలు రిమ్ముతో 15 కిందికి దించితే టైరు అంచు రిమ్ము నుంచి జారిపోతుంది. తారు ఎక్కే ముందు డోరు దగ్గరి స్టిక్కరు మీది అంకెకు మళ్లీ నింపాలి. నల్గొండ మే ఎండలో తక్కువ గాలితో హైవే మీద పరుగెత్తిస్తే సైడ్‌వాల్ లోపలే కాలిపోతుంది, బయటికి కనబడదు.

కొనాల్సినవి ఐదు, నాలుగు కాదు. స్టెపినీ పాత సైజు ఉంటే, ఫోర్ వీల్‌లో వేసి గట్టి నేల మీద నడిపినప్పుడు వ్యాసాల తేడా గేర్లను పట్టి పీకుతుంది. సైడ్‌వాల్ మీది తయారీ తేదీ అయిదింటికీ చూడాలి: 2324 అంటే 2024లో 23వ వారం. బిగించాక అలైన్‌మెంట్ చేయించాలి, తర్వాత 100 కిలోమీటర్ల లోపు నట్లు మాన్యువల్‌లోని టార్క్‌కు మళ్లీ బిగించాలి. గాలి తుపాకీతో కొట్టి వదిలేస్తే స్టడ్డు సాగుతుంది, మరుసటి పంచరు రోజున బాటలో ఆ నట్టు చేతి పానాకు రాదు.