చేపనూనె గుళికలు: నిమ్మ పరిమళం మీద నా కోపం

రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) ఎక్కువని తేలినప్పటి నుంచి చేపనూనె గుళికలు మింగుతున్నాను. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి కూడా, ఆ సంగతి తర్వాత. ముందు నిమ్మ పరిమళం గురించి చెప్పాలి.

మామూలు రకంతో చేపవాసన త్రేన్పులు వచ్చేవి. నిమ్మ పరిమళం కలిపిన రకానికి మారాక ఆ బాధ పోయింది, అడిగిన వారందరికీ అదే సిఫార్సు చేశాను. ఒక రోజు సీసాలో ఓ గుళిక చిట్లి నూనె వేళ్లకు అంటింది. మొదట నిమ్మ. కాసేపటికి దాని అడుగు నుంచి పాత రంగుడబ్బా కంపు. మిగిలిన గుళికలను సూదితో పొడిచి చూశాను, అన్నీ అంతే. గడువు తేదీ ఇంకా చాలా దూరంలో ఉంది! తయారీదారుకు రాస్తే అది చేపనూనె సహజ వాసనే అన్నారు. తాజా నూనె అలా కంపు కొట్టదు. ఆ బ్యాచి పెరాక్సైడ్ విలువ (నూనె పాడవడాన్ని కొలిచే ఒక అంకె) చెప్పమంటే జవాబు రాలేదు.

చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలైన ఈపీఏలో 5, డీహెచ్‌ఏలో 6 ద్విబంధాలు (కార్బన్ల మధ్య జంట బంధాలు) ఉంటాయి. ఆక్సిజన్ తగిలితే ముందు పాడయ్యేవి అవే. మొదట పెరాక్సైడ్లు పుడతాయి, అవి విరిగి ఆల్డిహైడ్లవుతాయి. పరిశ్రమ స్వచ్ఛందంగా పెట్టుకున్న హద్దులు పెరాక్సైడ్‌కు 5, ఆల్డిహైడ్లను కొలిచే అనిసిడిన్ విలువకు 20. నూనె బాగా ముదిరాక పెరాక్సైడ్ అంకె తిరిగి దిగిపోతుంది. అనిసిడిన్ పరీక్షనేమో కలిపిన పరిమళాలే తికమక పెట్టగలవు. ముక్కునూ పరీక్షనూ ఒకేసారి ఏమార్చే సరుకన్నమాట! తాజా నూనె ఇచ్చినప్పుడు ఒంట్లో ఆక్సీకరణ ఒత్తిడి సూచికలు తగ్గిన అధ్యయనాలున్నాయి. వాటిని ఇలాంటి సీసాకు అంటగట్టడం అన్యాయం.

ఇక ట్రైగ్లిజరైడ్లు. కాలేయం వీఎల్‌డీఎల్ (ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి మోసుకెళ్లే రేణువులు) తయారీని తగ్గించి కొవ్వును ఎక్కువగా కరిగించేలా ఈ ఆమ్లాలు చేస్తాయి, నిజమే. అయితే ఆ ప్రభావం బాగా కనిపించేది రోజుకు 2 నుంచి 4 గ్రాముల ఈపీఏ, డీహెచ్‌ఏలతో. వెయ్యి మిల్లీగ్రాముల మామూలు గుళికలో అవి రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే. నేను వేసుకునేది రోజుకు రెండు. అదే కాలంలో చక్కెర మానేశాను, నడక మొదలుపెట్టాను. ఘనత ఎవరికివ్వాలో!

ఇప్పుడు బ్యాచివారీ పరీక్ష ఫలితాలు బయటపెట్టే రకం, అదీ పరిమళం లేనిది, చిన్న సీసా తెచ్చి ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. త్రేన్పులు తిరిగొచ్చాయి, భరిస్తున్నాను. మోతాదు పెంచే ఆలోచన లేదు: 4 గ్రాములిచ్చిన పెద్ద ప్రయోగాల్లో కొందరికి గుండె లయ తప్పింది, మా ఇంట్లో ఆ జబ్బు ఉంది. అది లేనివారికి వైద్యుడు వేరే సలహా ఇవ్వవచ్చు.