బెంజా, బీఎండబ్ల్యూనా: ఏది మేలు?

1959 డిసెంబరు 9న మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ వాటాదారులు సమావేశమయ్యారు. తేల్చాల్సింది చిన్న విషయమేమీ కాదు: నష్టాల్లో కూరుకుపోయిన కంపెనీని స్టుట్‌గార్ట్‌లోని డైమ్లర్-బెంజ్ చేతిలో పెట్టడమా, మానడమా. పెద్దలు ముందే మాట్లాడుకున్నారు. రెండు కంపెనీలలోనూ చెయ్యి ఉన్న బ్యాంకు సరేనంది. చిన్న వాటాదారులు, డీలర్లు మాత్రం ససేమిరా అన్నారు. వాళ్ల తరఫున లేచిన ఫ్రాంక్‌ఫర్ట్ న్యాయవాది ఫ్రీడ్రిష్ మాటర్న్ జమాఖర్చుల పట్టీలో ఒక లొసుగు పట్టుకున్నాడు. బీఎండబ్ల్యూ 700 అనే కొత్త కారు రూపకల్పనకు అయిన ఖర్చంతా ఒకే ఏడాది ఖాతాలో రాసేశారు. పద్దు మీద ఇలాంటి అభ్యంతరం వస్తే పది శాతం ఓట్లతో సమావేశాన్ని వాయిదా వేయించవచ్చు. గంటల తరబడి రభస జరిగాక అదే అయింది. ఆ పది శాతం దొరక్కపోయి ఉంటే మనకు ఇవాళ ఈ బేరీజు పనే ఉండేది కాదు.

బెంజ్ వెనక సీట్లో కూర్చునేవాళ్లకు, బీఎండబ్ల్యూ స్టీరింగ్ పట్టేవాళ్లకు అని అందరూ అంటారు. అబద్ధం కాదు కానీ, దానితో సగమే తేలుతుంది. ఆ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో చూస్తే నాకు కనిపించేది ఇది: ఒకటి అందరికంటే ముందు పుట్టినవాడి నిబ్బరం, ఇంకొకటి చావు తప్పించుకుని బయటపడ్డవాడి పట్టుదల.

వంశవృక్షం విషయంలో అసలు పోటీయే లేదు. 1886 జనవరి 29న మాన్‌హైమ్‌లో ఉండే కార్ల్ బెంజ్ దాఖలు చేసిన 37435 నంబరు పేటెంటును మోటారు కారు పుట్టిన రోజు పత్రం అంటారు. మూడు చక్రాలు, ఒక సిలిండరు, ఒక గుర్రం బలానికి కూడా తూగని ఇంజిను. బండి అయితే తయారైంది కానీ నమ్మి కొనేవాడు కరువయ్యాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్తకు చెప్పకుండా బండి తీసి, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఫోర్జ్‌హైమ్‌కు, పుట్టింటికి బయలుదేరింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ ఊళ్లో మందుల దుకాణంలో మరకలు పోగొట్టే ద్రావకం కొని పోసింది. గొట్టానికి మురికి అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతుంటే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే మనిషి చేత తోలు కొట్టించింది. ఆ కంపెనీ పెట్టుబడిలో ఆమె కట్నం డబ్బు కూడా ఉందని గుర్తు చేసుకుంటే, ఆ ప్రయాణం పుట్టింటివాళ్లకు లెక్క చూపించడానికి కూడానేమో అనిపిస్తుంది.

పేరు సంగతి మరీ తమాషా. అదే కాలంలో స్టుట్‌గార్ట్ పక్కన కాన్‌స్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ వేరే కుంపటి పెట్టుకున్నారు. వాళ్ల కార్లను నీస్ నగరంలో ధనవంతులకు అమ్మే ఎమిల్ యెల్లినెక్ 1900లో ఏకంగా 36 కార్లకు ఆర్డరిచ్చి, వాటికి తన కూతురు మెర్సిడెస్ పేరు పెట్టాలన్నాడు. అలా ఒక జర్మన్ కారుకు ఆస్ట్రియా వ్యాపారి కూతురికి పెట్టుకున్న స్పానిష్ పేరు వచ్చింది. బెంజ్ కంపెనీ, డైమ్లర్ కంపెనీ 1926లో కలిశాయి. జర్మన్లు మామూలుగా మెర్సిడెస్ అంటారు, స్టుట్‌గార్ట్‌లో కార్మికులు ఇప్పటికీ డైమ్లర్‌లో పని అనే చెబుతారు, మనం మాత్రం బెంజ్ అని ఖాయం చేసుకున్నాం. మనకు ఆ పేరు కారుతో కాదు, లారీతో వచ్చింది. 1954 నుంచి 1969 వరకు టాటా లారీల ముక్కు మీద బెంజ్ చుక్క ఉండేది. విజయవాడలో రెండు జాతీయ రహదారులు కలిసే కూడలిని బెంజ్ సర్కిల్ అంటాం కానీ మెర్సిడెస్ సర్కిల్ అనం కదా!

బీఎండబ్ల్యూకు ఇంత ఇంటిపేరు లేదు. దాని మూడక్షరాలకు అర్థం బవేరియా మోటారు కార్ఖానాలు, అంతే. మొదలుపెట్టింది విమానం ఇంజిన్లతో, 1917లో ఆ పేరుతో నమోదైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోగానే వర్సాయ్ ఒప్పందం విమానం ఇంజిన్ల తయారీని ఆపించింది. కొన్నాళ్లు రైలు బ్రేకులు చేసుకుని బతికింది. 1923లో మోటారు సైకిలు చేసింది. 1928లో ఐసెనాఖ్‌లోని ఒక కార్ల ఫ్యాక్టరీని కొంటే, దానితోపాటు ఇంగ్లండు వాళ్ల చిన్న ఆస్టిన్ 7ను లైసెన్సు మీద తయారుచేసే హక్కు వచ్చింది. అంటే బీఎండబ్ల్యూ పేరుతో వచ్చిన మొదటి కారు అరువు తెచ్చుకున్నది. నీలం-తెలుపు బిళ్ల తిరుగుతున్న ప్రొపెల్లర్ అని చాలామంది నమ్ముతారు. కాదు, అవి బవేరియా రాష్ట్రపు రంగులు. 1929 నాటి ఒక ప్రకటనలో విమానం ముక్కు మీద ఆ బిళ్లను గీశారు, ఆ బొమ్మే కథగా స్థిరపడింది. కంపెనీ కూడా ఆ కథను ఖండించాలని పెద్దగా ఉబలాటపడలేదు!

రెండింటి అంతరం నిజంగా తెలిసేది 1950ల నాటికి. న్యూయార్క్‌లో మాక్స్ హాఫ్‌మన్ అనే దిగుమతిదారు ఉండేవాడు. డబ్బున్న అమెరికా వాళ్లకు ఏం నచ్చుతుందో ఆయనకు బాగా తెలుసు. ఆయన బెంజ్‌ను పోరితే 1954లో 300 ఎస్‌ఎల్ వచ్చింది. గొట్టాలతో అల్లిన చట్రం పక్కల మరీ ఎత్తుగా ఉండి మామూలు తలుపు పెట్టే వీలు లేక, తలుపులను పైకప్పుకు బిగించారు. తెరిస్తే పక్షి రెక్కలు విప్పినట్టుంటుంది. అది 1,400 కార్లు అమ్ముడై చరిత్రకెక్కింది. అదే హాఫ్‌మన్ బీఎండబ్ల్యూను పోరితే 507 వచ్చింది. చూపులకు 300 ఎస్‌ఎల్‌కు ఏమీ తీసిపోదు. కానీ అనుకున్న ధర ఎక్కడికో పోయింది, రెండువందల యాభై పైన మాత్రమే తయారయ్యాయి, ప్రతి కారూ కంపెనీకి ఇంకో గొయ్యి తవ్వింది. ఆ రోజుల్లో బీఎండబ్ల్యూ ఒక పక్క ధనికుల భారీ సెడాన్, ఇంకో పక్క ముందు భాగమంతా ఫ్రిజ్ తలుపులా తెరుచుకునే గుడ్డు ఆకారపు ఇసెట్టా అమ్మేది. ఇసెట్టా కూడా ఇటలీ నుంచి లైసెన్సు మీద తెచ్చుకున్నదే. మధ్యలో ఉద్యోగస్తుడు కొనుక్కునే కారు ఒక్కటీ లేదు.

వాయిదా పడిన ఆ సమావేశం తరువాత హెర్బర్ట్ క్వాంట్ అనే పారిశ్రామికవేత్త తన వాటా పెంచి కంపెనీని నిలబెట్టాడు. చిన్నప్పుడే చూపు దాదాపు పోయిన మనిషి ఆయన. నడిపేవాళ్ల కారు అని పేరుపడ్డ కంపెనీని కాపాడింది కారు నడపలేని మనిషి. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టిన 1500 మోడలుతో ఆ మధ్య ఖాళీ నిండింది. నాలుగు తలుపులు, చురుకైన ఇంజిను, వంపుల్లో తడబడని నడక. దాన్ని కొత్త తరగతి అనే అర్థంలో ‘నోయె క్లాసె’ అన్నారు. ఇప్పుడు విద్యుత్ కార్ల కొత్త తరానికి కూడా కంపెనీ అదే పేరు పెట్టుకుంది. బీఎండబ్ల్యూ గుణం అనుకుంటున్నదంతా అక్కడే పుట్టింది. అన్నీ చేసే స్తోమతు లేదు కాబట్టి ఒక్కదాన్నే గట్టిగా పట్టుకుంది.

వీటి చరిత్ర అంతా ముచ్చట కాదు. హిట్లర్ కాలంలో రెండూ యుద్ధానికి పనిచేశాయి, రెండూ బలవంతపు కూలీల చెమట తాగాయి. 1944 నాటికి డైమ్లర్-బెంజ్ పనివాళ్లలో దాదాపు సగం మంది అలాంటివాళ్లే. బీఎండబ్ల్యూ ఆలాఖ్ కార్ఖానాలో డాఖావ్ నిర్బంధ శిబిరం ఖైదీల చేత విమానం ఇంజిన్లు చేయించారు. ఈ లెక్కలో ఏది మేలు అని అడిగే హక్కు మనకు లేదు.

ఇక కార్ల దగ్గరకు వద్దాం. 1984లో వచ్చిన డబ్ల్యూ124 అనే బెంజ్‌కు ముందు అద్దం మీద వైపర్ ఒక్కటే. 1995లో పుణెలో మొదట తయారైన బెంజ్ కూడా ఈ కారే. ఒకసారి జోరువానలో దాని ముందు సీట్లో కూర్చుని దారి వదిలేసి ఆ వైపర్‌నే చూస్తూ ఉండిపోయాను. మామూలు వైపర్‌లా అర్ధచంద్రం గీయదు. మూల దగ్గరకు రాగానే చెయ్యి చాపినట్టు పొడుగవుతుంది, మధ్యకు రాగానే ముడుచుకుంటుంది, మళ్లీ అటు మూలకు చాపుతుంది. అద్దంలో 86 శాతం ఆ ఒక్క చెయ్యే తుడిచేస్తుంది. 1979 నాటి ఎస్-క్లాసు అనే పెద్ద బెంజ్‌లో సీటు సర్దుకునే మీటను తలుపు మీద పెట్టారు, అది బుల్లి సీటు ఆకారంలోనే ఉంటుంది. వీపు భాగం వంచితే అసలు సీటు వీపు వంగుతుంది. చదువు రాకపోయినా వాడుకోవచ్చు. కారులో ఉన్న ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్న పెద్దింటి మర్యాద అది.

1975లో వచ్చిన మొదటి 3 సిరీస్ బీఎండబ్ల్యూలో కూర్చుంటే వేరే లోకం. డ్యాష్‌బోర్డు మధ్య భాగం సూటిగా ఉండదు, నడిపేవాడి వైపు తిరిగి ఉంటుంది. రేడియో, వేడిగాలి మీటలు అన్నీ అతనికే చూపిస్తుంది. ముందూ వెనకా చక్రాల మీద బరువు వీలైనంత సమంగా ఉండేలా చూడడం, ఇంజిను బలాన్ని వెనక చక్రాలకు పంపడం, ఇవన్నీ అతని కోసమే. పొగరు కూడా తక్కువ కాదు. 1973లో తొలిసారి చూపించిన 2002 టర్బో ముందు భాగం మీద మోడలు పేరు కుడి ఎడమలు తిప్పి రాసి ఉండేది, ముందు పోయే కారువాడు తన అద్దంలో సరిగ్గా చదువుకుని పక్కకు తప్పుకోవాలని! అది వచ్చీరాగానే చమురు సంక్షోభం ముంచుకొచ్చింది, 1,672 కార్లతో ఆగిపోయింది.

లోకానికి ఏది ఎక్కువ ఇచ్చిందని అడిగితే నా ఓటు కళ్లు మూసుకుని బెంజ్‌కే. బేలా బారెన్యీ అనే ఇంజినీరు కారు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదన్న నమ్మకాన్ని తలకిందులు చేశాడు. ముందూ వెనకా నలిగిపోవాలి, మనుషులుండే గది మాత్రం చెక్కుచెదరకూడదు అన్నాడు. 1951లో పేటెంటుకు పెట్టాడు, 1959లో కారుగా వచ్చింది. 1978లో విడిభాగాల కంపెనీ బాష్‌తో కలిసి, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోని ఏబీఎస్ బ్రేకులు, 1981లో ఎయిర్‌బ్యాగు, రెండూ బెంజ్ కార్లలో ముందు ఎస్-క్లాసుకే వచ్చాయి. ఇవాళ మనం వాయిదాల మీద కొనే చిన్న కారులో కూడా ఇవన్నీ ఉన్నాయి. 1997లో స్వీడన్ పత్రికవాళ్లు దుప్పి అడ్డొచ్చినట్టు ఒక్కసారిగా పక్కకు తిప్పి చూస్తే బెంజ్ చిన్న కారు ఏ-క్లాసు పల్టీ కొట్టింది. పరువు పోయింది. కానీ కంపెనీ డెలివరీలు ఆపి, కారు అదుపు తప్పి జారకుండా పట్టే, అప్పటిదాకా ఖరీదైన కార్లకే ఉన్న ఈఎస్‌పీని ప్రతి ఏ-క్లాసుకూ బిగించింది. సిగ్గుపడి చేసిన పనైనా మంచిదే.

మన్నికకు ఏది అంటే, ఏ కాలపు బెంజ్ అని ఎదురు ప్రశ్న వెయ్యాలి. గ్రీసులో టాక్సీగా తిరిగిన ఒక 240 డి డీజిలు కారు 46 లక్షల కిలోమీటర్లు నడిచి చివరికి స్టుట్‌గార్ట్ మ్యూజియం చేరింది. అదే కంపెనీ 1990ల చివర్లో చేసిన ఈ-క్లాసు కార్లు తుప్పుకు పేరు మోశాయి. అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్‌తో 1998లో పెళ్లి చేసుకుని 2007లో విడాకులు తీసుకుంది. బీఎండబ్ల్యూ ఏమీ తక్కువ తినలేదు: 1994లో ఇంగ్లండు కార్ల కంపెనీ రోవర్‌ను కొని, ఆరేళ్లు డబ్బు పోసి, 2000లో వదిలించుకుంది. రోవర్ చిన్న కారు మినీని మాత్రం మిగుల్చుకుంది, అది కలిసొచ్చింది. ఔడీ ఏదీ అంటారా? దాన్ని ఇందులో కలిపితే వ్యాసం రెట్టింపవుతుంది. ఒకప్పుడు ఆ ఔడీ కూడా బెంజ్ చేతిలోనే ఉండి ఫోక్స్‌వ్యాగన్‌కు అమ్ముడుపోయిందని చెప్పి వదిలేస్తాను.

మన దగ్గర కొనేవాళ్లకు ఒక మాట. పాత జర్మన్ కారు కొత్త మామూలు సెడాన్ ధరకే దొరుకుతుందని సంబరపడకండి. కొనే ధర పడిపోతుంది కానీ విడిభాగాల ధర పడిపోదు. చాలా బీఎండబ్ల్యూలలో స్పేరు టైరు ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి అంచుల టైర్లు ఉంటాయి. గుంతల రోడ్ల మీద ఆ టైర్లు కుదిపే కుదుపు, మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందే కనుక్కోండి. రోజూ ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కించుకుని తిరిగేవాళ్లు బెంజ్ తీసుకోవడమే మంచిది. ఆదివారం తెల్లవారుజామున ఒంటరిగా ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లకు 3 సిరీస్‌కు మించింది లేదు.

నాకు ఒక్కటే ఇస్తామంటే ఆ మొదటి 3 సిరీసే కావాలి. చరిత్రలో బెంజ్ గొప్పదని ఇంతసేపూ రాసి, చివరికి వచ్చేసరికి ఓడిపోబోయి నిలిచినదాని వైపే మనసు పోతోంది. మా ఆవిడకు ఆ కారు ఫొటో చూపిస్తే, ‘‘ఈ డ్యాష్‌బోర్డు నాకు వీపు పెట్టి కూర్చుందేమిటి?’’ అంది. ఆమె ఓటు వైపర్ ఉన్న ఆ బెంజ్‌కే.