నా దగ్గర పదకొండేళ్లుగా ఉన్న తోట ట్రాక్టరు, దాని ఇంజిన్ పక్కనున్న చిన్న డబ్బా

గడ్డి కోసే ఈ ట్రాక్టరులో నాకు ప్రాణమైనది ఒక్కటే: ఇంజిన్ పక్కన, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా, మూతతో ఉండే డబ్బా. మూత తీస్తే సీబీ పాయింట్లు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే చిన్న స్విచ్చు, కంటి ముందే ఉంటాయి. పాయింట్లున్న పాత చిన్న ఇంజిన్లలో చాలావాటికి అవి ఫ్లైవీలు (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కింద ఉంటాయి. ఫ్లైవీలు ఊడదీస్తే గానీ వాటి ముఖం చూడలేం. నా బండిలో ఒక స్క్రూ డ్రైవరు చాలు. ఆ సంగతి విలువ నాకు తెలిసింది మాత్రం కొన్న ఆరో ఏట.

పన్నెండు హార్స్‌పవర్, ఒకే సిలిండరు, పోత ఇనుము, గాలితో చల్లబడే ఇంజిన్. పాతదే కొన్నాను. మిగతా వివరాలు ఇలాంటి బండ్లు వాడేవారికి కొత్తేమీ కాదు.

ఆ ఆరో ఏటి వేసవిలో అరగంట కోత బాగానే సాగేది. తరువాత పెయింటు మాడుతున్న వాసన వచ్చేది. దట్టమైన గడ్డి తగలగానే ఇంజిన్ నీరసించేది. థ్రాటిల్ తగ్గించగానే సైలెన్సర్‌లో ఢామ్మని పేలేది. ఒక సాయంత్రం చీకటి పడుతుండగా వంగి చూస్తే, సిలిండరు నుంచి సైలెన్సర్‌కు వెళ్లే గొట్టం మొదలంతా ఎర్రగా మెరుస్తోంది. ఇంజిన్ ఆపేశాక కూడా చాలాసేపు భయంగానే ఉంది.

పెట్రోలు మార్చాను, ప్లగ్గు మార్చాను. తరువాత కార్బురేటర్ మీద పడ్డాను. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే ఇంజిన్ వేడెక్కుతుంది, పేలుతుంది కూడా. అందుకే పెట్రోలు ఎంత వెళ్లాలో నియంత్రించే మెయిన్ సూదిని అరచుట్టు వదులు చేశాను. రెండు రోజులు నెమ్మదించినట్టే అనిపించింది. మూడో రోజు ప్లగ్గు విప్పితే మసితో నల్లగా ఉంది, పేలుడు ఇంకా పెద్దదైంది. పెట్రోలు తక్కువైన ఇంజిన్ సాధారణంగా కార్బురేటర్ వైపు తుమ్ముతుంది, నాది పేలుతున్నదేమో సైలెన్సర్‌లో. ఆ తేడాను మొదటి రోజే పట్టుకోవలసింది.

సూదిని మళ్లీ పాత చోటికి తిప్పి, ఇంజిన్ మీది రేకు తొడుగు విప్పాను. సిలిండరు చుట్టూ వేడిని వదిలే ఇనుప రెక్కల మధ్య గడ్డి, దుమ్ము, నూనె కలిసి పిడకలా గట్టిపడి ఉన్నాయి. పైనుంచి చూస్తే శుభ్రంగా కనిపించే ఇంజిన్ తొడుగు కింద ఊపిరాడక ఉడికిపోతోంది. సన్నని చెక్క పుల్లతో ఒక్కొక్క సందూ గీకి తీశాను. దాంతో వేడి బాగా తగ్గింది, అరగంటకు బదులు గంట నడిచింది. కానీ పేలుడు పోలేదు.

అప్పుడు ఆ డబ్బా మూత తీశాను. ప్లగ్గు విప్పేసి, ఫ్లైవీలును చేత్తో తిప్పుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపాను. వాటి మధ్య ఎడం 0.020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజిలో (సందులు కొలిచే సన్నని రేకుల కట్ట) పావు మిల్లీమీటరు రేకు కూడా గీసుకుంటూ దూరింది. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ నుంచి వచ్చే ఒక చిన్న కడ్డీ ఈ పాయింట్లను నెడుతుంది. ఏళ్ల తరబడి రాపిడికి అరిగి ఎడం సగానికి వచ్చింది. ఎడం తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ ఆలస్యమవుతుంది. పిస్టన్ పైకొసకు చేరడానికి ఇంజిన్ చుట్టులో 20 డిగ్రీల ముందే పడాల్సిన రవ్వ వెనుకబడితే, పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకీ మంట ఆరదు. అది నేరుగా గొట్టంలోకి పోతుంది. గొట్టం ఎర్రబడటానికీ, నీరసానికీ, పేలుడుకూ మూలం అదే.

ఎడం సరిచేసి స్క్రూ బిగించాను. బిగించేటప్పుడు అది కాస్త జరుగుతుంది కాబట్టి మళ్లీ కొలిచాను. తరువాత ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ తీగ విప్పి, పాయింట్లకు మల్టీమీటరు తగిలించి ఫ్లైవీలును వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. పాయింట్లు తెరుచుకుని బీప్ ఆగిన క్షణంలో, రవ్వ పడాల్సిన చోటు చూపే ఫ్లైవీలు మీది టైమింగ్ గుర్తు సరిగ్గా దాన్ని చూసే చిన్న కిటికీ నడుమకు వచ్చి నిలిచింది. ఆ క్షణం కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు గంటన్నర ఏకధాటిగా కోశాను. ఒక్క పేలుడు లేదు.

నేను అప్పటిదాకా చేస్తూ వచ్చిన ఒక తప్పు కూడా చెప్పాలి. పాత ఇంజిన్ కదా, దానికి శ్రమ తగ్గిద్దామని సగం థ్రాటిల్‌లో కోసేవాణ్ని. చల్లార్చే గాలిని విసిరే రెక్కలు ఫ్లైవీలు మీదే ఉంటాయి. వేగం తగ్గితే గాలి కూడా తగ్గుతుంది, ఇంజిన్ మీద పడే భారం మాత్రం అంతే ఉంటుంది. ఇప్పుడు కోతంతా నిండు వేగంలోనే, అంటే నిమిషానికి 3600 చుట్ల దగ్గర. ఆపే ముందు రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనిస్తాను. నిండు వేగంలో తాళం తిప్పేస్తే, ఫ్లైవీలు ఆగేలోపు పీల్చుకున్న పెట్రోలు కాలకుండానే వేడి సైలెన్సర్‌లోకి చేరి పేలుతుంది.

కొత్తలో పోత ఇనుము ఇంజిన్ ఎంత వేడినైనా తట్టుకుంటుందని అందరికీ చెప్పేవాణ్ని. తట్టుకుంటుంది, నిజమే. కానీ ఎక్కిన వేడిని తొందరగా వదలదు కూడా. ఆ డబ్బాను ఇంత పొగిడాను గానీ, కడ్డీ వెంట కొద్దికొద్దిగా నూనె చెమర్చి పాయింట్లను నల్లగా చేస్తుంది. మూత కింది గాస్కెట్ గట్టిపడితే దుమ్ము కూడా చేరుతుంది. ఏటా కోతలు మొదలుపెట్టే ముందు విప్పి, తుడిచి, కొలవాల్సిందే. గత ఏడాది కడ్డీ కూడా మార్చాను.

నాది ఎకరంలోపు చదును నేల. వారానికి ఒక్కసారే కోత, పనిముట్లతో గడపడం నాకిష్టం. అందువల్ల ఈ బండిని వదులుకోను. రోజూ కోసేవారికి, వాలు నేల ఉన్నవారికి, మూత విప్పే ఓపిక లేనివారికి దీన్ని కొనమని చెప్పలేను. కొనేవారు ఉంటే మాత్రం, బేరం మాట్లాడేముందు రేకు తొడుగు విప్పించి చూడండి.