సొంత యాప్‌లా, బయటివాళ్ల యాప్‌లా? యాపిల్ చూసిన రెండు దారులు

1984లో మాకింటోష్ వచ్చేనాటికి చాలామంది మౌస్ పట్టుకుని ఎరగరు. అందుకే యాపిల్ బొమ్మలు గీసే మాక్‌పెయింట్, రాతపని చేసే మాక్‌రైట్ అనే తన సొంత ప్రోగ్రామ్‌లను కంప్యూటర్‌తో పాటే ఇచ్చింది. బిల్ అట్కిన్సన్ రాసిన మాక్‌పెయింట్‌లో నాలుగు గీతలు గీస్తే చాలు, మౌస్ ఎందుకో చేతికే తెలిసిపోయేది. బయటి ప్రోగ్రామర్లకూ మంచి ప్రోగ్రామ్ ఎలా ఉండాలో కళ్లముందే కనిపించింది. ఎంత లావు గైడ్ రాసినా ఆ పని జరగదు.

కానీ ఉచితంగా దొరికే మాక్‌రైట్ పక్కన ఇంకొకరు తమ వర్డ్ ప్రాసెసర్‌ను ఎలా అమ్ముకుంటారు? ఆ భయం న్యాయమైనదే. అందుకే 1987లో యాపిల్ తన అప్లికేషన్ల కోసం క్లారిస్ అనే వేరే కంపెనీ పెట్టింది.

రెండో దారిలో, మాకింటోష్‌కు ముందటి కంప్యూటర్ యాపిల్ 2ను ఆఫీసుల్లోకి తీసుకెళ్లిన విసికాల్క్ (1979) అనే లెక్కల పట్టికల (స్ప్రెడ్‌షీట్) ప్రోగ్రామ్ బయటివాళ్లది: డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌లది. 1985లో మాక్‌కు (మాకింటోష్‌కు) డెస్క్‌టాప్ పబ్లిషింగ్ (డీటీపీ), అంటే కంప్యూటర్ మీదే అచ్చు పేజీలు కూర్చే పని, తెచ్చిన పేజ్‌మేకర్ ఆల్డస్ కంపెనీది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పెళ్లి శుభలేఖల దాకా దాంట్లోనే తయారయ్యాయి.

నేనైతే మొదట్లో ఒకటి రెండు సొంత యాప్‌లు ఉండి తీరాలంటాను. బయటివాళ్లు నిలదొక్కుకోగానే కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ పక్కకు తప్పుకోవాలి.